శాంతమ్మ పాదం, కొత్త సైలెన్సర్లు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది చలికాలంలో నేను బీదర్‌లోని ఒక మోటార్‌సైకిళ్ల షోరూం వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా ఉన్నాను. మెకానిక్‌లకు పైన, సర్వీస్ మేనేజర్‌కు కింద ఉండే పదవి అది. పని చెడితే పైవాడూ కిందివాడూ ఇద్దరూ నా పేరే చెబుతారు.

ఒక సోమవారం ప్రభుదాస్ సారు బండి తెచ్చారు. ఆయన హైస్కూల్ టీచరుగా రిటైరై, దూర ప్రయాణాల కోసం చేసే పెద్ద బండి కొనుక్కున్నారు. ఆదివారం ప్రార్థన కాగానే భార్య శాంతమ్మను వెనక ఎక్కించుకుని హుమ్నాబాద్‌కో నిర్ణాకో చుట్టాల ఇంటికి బయలుదేరతారు. ఆ రోజు అట్టపెట్టెలో కొత్త సైలెన్సర్ల జత తెచ్చారు. అవి కంపెనీవి కావు, బయట కొన్నవి. సారుకు పాతవే చాలట. కోరిక శాంతమ్మది. "గింత పెద్ద బండి, సప్పుడేమో కుట్టుమిషన్ లెక్క" అని రోజూ దెప్పేదట.

చూడటానికి నాలుగు నట్ల పనే, కానీ వరస తప్పితే ఇంజిన్‌లో బోల్టు విరుగుతుంది. బండి పూర్తిగా చల్లారాలి. పాత రాగి వాషర్లు తీసి కొత్తవి వేయాలి. నట్లన్నీ ముందు వేళ్లతో మాత్రమే తిప్పి, సైలెన్సర్ గొట్టం తన చోట కుదురుకున్నాక, ఇంజిన్ వైపు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. స్టార్ట్ చేసేముందు గొట్టం మీది వేలిముద్రలు తుడవాలి. లేదంటే ఆ జిడ్డు కాలి మరక శాశ్వతంగా ఉండిపోతుంది. ఇదంతా నా చేతులతోనే చేశాను. శబ్దం తగ్గించే లోపలి జాలీని మాత్రం తీయనన్నాను. అది తీస్తే పోలీసులు ఆపుతారు, ఆపడం న్యాయమే.

మిగిలింది వేడి తగలకుండా గొట్టం మీద ఉండే రేకు. కొత్త గొట్టాలు లావు, పాత రేకు క్లాంపులు పట్టలేదు. వెనక కూర్చునేవారి ఫుట్‌రెస్టుకూ గొట్టానికీ రెండు వేళ్ల సందే ఉంది. కాలు తగిలితే ఎట్ల అని సారు అడిగారు. "ఒక్కసారి సురుక్కుమంటే ఇంగోసారి పెట్టరు సారూ" అని నవ్వేసి, రేకు లేకుండానే బండి ఇచ్చేశాను.

ఆ ఆదివారం వాళ్లు నిర్ణా వెళ్లి వచ్చారు. ఇంట్లో చెప్పులు విడుస్తుంటే శాంతమ్మ చెప్పు అంచు కరిగి ఉండటం సారు కంటపడింది. చూస్తే కుడిపాదం పక్కన అరచేయంత బొబ్బ. దారి పొడుగునా కాలుతూనే ఉన్నా ఆమెకు తెలియలేదు. ఎన్నో ఏళ్ల షుగర్‌తో పాదాల్లో స్పర్శ పోయింది. గాయం లోపలికి దిగితే పాదం దక్కడం కష్టమన్నారు డాక్టర్లు.

మర్నాడు సారు వర్క్‌షాపుకు వచ్చి జరిగింది చెప్పారు. తిట్టలేదు. తిడితే నాకు కాస్త తేలికయ్యేది. "ఆమెకు కాళ్లు తిమ్మిరని నేనే చెప్పలే నర్సింలూ. బండి అమ్మేస్త" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన చెప్పకపోవడం కాదు, నేను అడగకపోవడం తప్పు.

సాయంత్రం చూడటానికి వెళ్లాను. శాంతమ్మ కట్టుతో మంచం మీద కూర్చుని, నన్ను చూడగానే వకాల్తా మొదలుపెట్టింది. "బండి అమ్మొద్దని సారుకు జర నువ్వన్న చెప్పు అన్నా. ముప్పై ఏండ్లు ఆయన బడికి వోయిండు, నేను ఇంట్లనే ఉన్న. ఇప్పుడిప్పుడే ఊర్లు చూస్తున్న." పాదం మానేదాకా బండి నా దగ్గరే ఉంచమన్నాను.

మానడానికి రెండు నెలలు పట్టింది. ఆలోగా లేత్ షాపులో కొత్త రేకులు చేయించి, గొట్టానికి ఆనకుండా మధ్యలో గాలి ఆడేటట్టు బిగించాను. ఫుట్‌రెస్టులను నాలుగు వేళ్లు బయటికి జరిపాను. తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టి, పక్కపెట్టెల్లో సామాను నింపి, హుమ్నాబాద్ దాకా పోయి రమ్మన్నాను. మనుషులెక్కితే బండి కుంగుతుంది, సందులు మారతాయి. ఖాళీ బండిని స్టాండు మీద చూస్తే ఆ సంగతి తెలియదు.

తిరిగి వచ్చి ఇంజిన్ ఆపగానే నేను చెప్పు విడిచి, నా ఉత్త పాదాన్ని రేకుకు ఆనించి నిలబడ్డాను. శాంతమ్మ వంగి చూసింది. "కాలుతాందా అన్నా? నాకైతే తెల్వది, నువ్వే చెప్పాలె."

కాలడం లేదన్నాను. అయినా ఇంకాసేపు పాదం తీయలేదు.

తర్వాత రిటైరయ్యేదాకా, సైలెన్సర్ మార్చమని ఎవరొచ్చినా వెనక కూర్చునేది ఎవరని ముందు అడిగేవాణ్ని. వాళ్లను తీసుకొచ్చి కూర్చోబెట్టాకే బండి ఇచ్చేవాణ్ని. వేడి తగిలితే మనిషే కాలు తీసుకుంటాడన్నది నా ఊహ మాత్రమే. ఊహ మీద బండి బయటికి పంపకూడదు.