సంగటి కట్టెతో బీరు కొళాయి

ఆ రోజుల్లో కొళాయి తిప్పితే నీళ్ళు రావడమే పెద్ద వింత. ఇప్పుడు మా మనవరాలు ఫ్రిజ్జు తలుపుకు గ్లాసు ఆనించి చల్లటి నీళ్ళు పట్టుకుంటూ ఫోనులోంచి కళ్ళు కూడా ఎత్తదు. నేను ధర్మవరం రైల్వే క్వార్టర్సులో పెరిగినదాన్ని కాబట్టి కొళాయిలు కొంచెం ఎరుగుదును. మా నాయన అక్కడ ఫిట్టరు. అన్నం తింటూ కూడా వాషర్ల గురించే మాట్లాడేవాడు. అలాంటి ఇంటి నుంచి హిందూపురంలో చేదబావి ఉన్న ఇంటికి కోడలుగా వచ్చి, కొళాయి మహిమ నాకు తెలిసినంతగా ఇక్కడెవరికీ తెలియదని లోలోపల కొంత గర్వంగా ఉండేదాన్ని. ఆ గర్వాన్ని దించినవాడు మా మామ. ఆయనకు తెలిసిన కొళాయిలోంచి నీళ్ళు కాదు, బీరు వచ్చేది.

యుద్ధం రోజుల్లో మామ బెంగుళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, దొరల మెస్సులో నాలుగేళ్ళు పనిచేశాడు. అక్కడ బల్ల మీద తెల్లటి పింగాణీ పిడి ఒకటి ఉండేదట. దాన్ని ముందుకు లాగితే బల్ల కింద నుంచి బీరు పైకి వచ్చి, గ్లాసులో కింద బంగారంలాగా, పైన రెండు వేళ్ళ మందం నురగతో నిలిచేదట. "నాలుగేండ్లు నేనే లాగినానప్పా ఆ పిడి" అని ఇంటి అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చెప్పేవాడు. ఊళ్ళో మద్యనిషేధం. బీరు అన్న మాటే చాలామందికి కొత్త. అందుకని అందరూ నోరు తెరుచుకుని వినేవారు, ఆయన అటు తిరగ్గానే నవ్వుకునేవారు. వీధిలో ఆయన పేరు నురగ దొర. సాక్ష్యంగా ఆయన దగ్గర చెవి ఉన్న మందపాటి గాజు గ్లాసు ఒకటి ఉండేది. దాన్ని పాత పంచెలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచుకున్నాడు. అంచు కొంచెం ఊడింది. ఒక కెప్టెను దొర మెచ్చి ఇచ్చాడని చెప్పేవాడు.

నమ్మనివాళ్ళలో మొదటివాడు ఆయన సొంత అన్న, పెనుకొండ పెద్దమామ. తండ్రి పోయాక మామను పెంచింది ఆయనే. నా పెళ్ళిలో భోజనాల దగ్గర మామ మా నాయనకు పింగాణీ పిడి సంగతి చెబుతుంటే పెద్దమామ పంక్తి చివరి దాకా వినపడేట్టు అన్నాడు: "నమ్మొద్దు బావా. వీడు ఆడ ఎంగిలి తట్టలు కడిగినాడు. పిడీ లేదు, గిడీ లేదు. గొట్టంలో నుంచి బీరు వస్తాదంటే నా బర్రెకు గూడా కొళాయి పెట్టిస్తా." పంక్తి అంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది పెళ్ళికూతురు. అంటే నేనే. (బాసికం జారి ముక్కు మీదికి వచ్చింది కూడా.) మామ తలెత్తి నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ విస్తరిలోకి చూసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన పిడి మాట ఎత్తలేదు.

కాపురానికి వచ్చాక ఆ మౌనం నాకు భరించలేనిదైంది. అరుగు మీద మనిషి ఉండేవాడు, కథ ఉండేది కాదు. వీధివాళ్ళు అడిగినా "ఏముండాదిలేప్పా" అని ఊరుకునేవాడు. కొత్త కోడలు మామతో ముఖాముఖి మాట్లాడే కాలం కాదు అది. అయినా ఒక మధ్యాహ్నం మజ్జిగ ఇస్తూ తలుపు చాటు నుంచి అడిగేశాను: "మామా, ఆ పిడి కింద ఏముండాది?" ఆయన చాలాసేపు ఆలోచించాడు. "కింద చీకటమ్మా" అన్నాడు చివరికి. నాలుగేళ్ళు లాగిన మనిషికి కింద ఏముందో తెలియకపోవడం విచిత్రమే గానీ, నాకప్పుడు అది తట్టలేదు. నా బుర్ర అప్పటికే వాషర్ల మీదికి పోయింది.

"మూత బిర్రుగా బిగించిన బిందెలోకి సైకిలు పంపుతో గాలి కొడితే, అడుగు దాకా దించిన గొట్టంలో నుంచి లోపలిది పైకి రావల్ల మామా" అన్నాను. మామ మజ్జిగ చెంబు కింద పెట్టాడు. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం పెద్దమామ మా ఇంటికి వస్తున్నాడు, పెళ్ళయ్యాక మొదటిసారి. ఇద్దరం ఆ మాట పైకి అనుకోలేదు, కానీ ఇద్దరికీ అదే గడువు అయింది.

కొత్త ఇత్తడి బిందె కొన్నాం. కళాయి సాయిబు లోపల కళాయి వేసి, మందపాటి మూతకు రెండు చిల్లులు చేసి, ఒకదానికి సైకిలు వాల్వు, ఇంకొకదానికి పొడుగాటి ఇత్తడి గొట్టం మాటు వేసి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు "ఏమప్పా, ఇది పేలేదేం కాదు కదా" అని అడిగాడట. గొట్టం, రబ్బరు వాషర్లు మా నాయన ధర్మవరం నుంచి పంపాడు. (తుక్కులో పారేసినవే అని ఒట్టు పెట్టుకున్నాడు. నేను నమ్మాను.) గొట్టం చివర టీ అంగడి బాయిలరు నుంచి తీసిన పాత కొళాయి. మూత బిగించడానికి కమ్మరి చేసిన మూడు కొక్కేలు. అన్నీ కుదిరాయి గానీ మామకు తృప్తి లేదు. కొళాయి తిప్పడమేమిటి, పిడి లాగాలి. పింగాణీ పిడి యాడ దొరుకుతుంది? ఇల్లంతా చూసి చివరికి అత్త రాగి సంగటి గెలికే కట్టె పట్టుకున్నాడు. చేయి పట్టి పట్టి నున్నగా మెరిసే కట్టె. దానికి రెండు మేకులు కొట్టి కొళాయికి బిగించాడు.

మా ఇళ్ళలో సంగటి కట్టె పక్కింటికి కూడా బదులివ్వరు. ఆ మధ్యాహ్నం పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే అత్త పెరట్లోకి వచ్చి ఆ యంత్రాన్ని చూసింది. "సంగటి దేంతో గెలకల్ల? నీ బీరుతోనా?" అంది. మామ తల వంచుకున్నాడు. తొమ్మిది రోజులు అందరం అన్నమే తిన్నాం, పండగలాగా. మామ మాత్రం సంగటి లేక రెండో రోజుకే నీరసపడ్డాడు. అయినా కట్టె తిరిగి ఇవ్వలేదు.

మొదట నీళ్ళతో చూశాం. నేనే పంపు కొట్టి, నేనే పిడి లాగాను, మామ గ్లాసు పట్టాడు. గుడగుడమని శబ్దం వచ్చి, నీళ్ళు కింద నుంచి పైకెక్కి కొళాయిలోంచి ధారగా దూకాయి. అది అలాగే జరగాలని చెప్పినదాన్ని నేనే. అయినా ఒళ్ళు జలదరించింది. మనం ఊదిన గాలికి నీళ్ళు మాట వినడమేమిటని అలాగే నిలబడి చూశాను. అత్త కూడా తలుపు దగ్గర కొంగు నోటికి పెట్టుకుని చూసింది. మామ మాత్రం గ్లాసు వెలుతురుకు పట్టి, "నురగ లేదు కదమ్మా" అన్నాడు.

నురగ కోసం మొలకెత్తిన రాగులు ఎండబెట్టి, వేయించి, విసిరి, కాచి, వడగట్టి, శొంఠి, కొంచెం బెల్లం కలిపి కుండలో మూడు రోజులు ఉంచాం. బీరు ధాన్యపు మొలకలతో చేస్తారని మామ విన్నాడు. రాగి మొలకలతో చేస్తారా అని మేము ఎవరినీ అడగలేదు. శనివారం పొద్దున ఆ రసం బిందెలో పోశాం. మూత బిగించే ముందు అత్త పసుపూ కుంకుమా తెచ్చి బిందెకు పెట్టింది. కొత్త బిందెలో తీపి పడాలి కదా, అది మా ఇంటి ఆచారం. మామూలుగా చిటికెడు వేస్తారు. కానీ హిందూపురంలో బెల్లానికి కొదవా? కట్టె పోయిన కోపం అప్పటికి దిగిపోయినట్టుంది, పాపం. "బావగారు తాగేది, చప్పగా ఉంటే బాగుండదు" అని అరచెయ్యంత బెల్లం అచ్చు వేసింది. మేము మూత బిగించి పెరట్లో రేకుల కింద పెట్టాం. ఎండాకాలం. ఆదివారం పొద్దున చూస్తే మూత కొంచెం ఉబ్బినట్టు అనిపించింది. కొత్త ఇత్తడి అలాగే ఉంటుందేమో అనుకున్నాను. (ఫిట్టరు కూతుర్ని, చూశారా.) అనుకుని, ఎందుకైనా మంచిదని ఇంకో ఇరవై సార్లు పంపు కొట్టాను.

పెద్దమామ తెల్లటి రుమాలు తలకు చుట్టుకుని పదకొండు గంటల బస్సులో దిగాడు. మామ ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా తొడుక్కుని ఉన్నాడు. "రా అన్నా, కూసో" అని యంత్రం ముందే పీట వేశాడు. పెద్దమామ బిందెనూ, కొక్కేలనూ, సంగటి కట్టెనూ వరసగా చూశాడు. "ఏందిరా ఇది, బిందెకు జొరమొచ్చిందా?" అన్నాడు. మామ ట్రంకుపెట్టెలోంచి తీసిన గ్లాసును కొళాయి కింద పెట్టాడు. పిడి పట్టుకుని లాగాడు.

గ్లాసును దాటి, పీటను దాటి, నురగ నేరుగా పెద్దమామ రుమాలును తాకింది. అక్కడితో ఆగక మీసాల మీదుగా కండువా దాకా దిగింది. మామ పిడి వెనక్కి నెట్టేసరికి పెద్దమామ సగం తడిసి, పీట మీద అలాగే కూర్చుని ఉన్నాడు. నాకు నవ్వు గొంతు దాకా వచ్చింది. అప్పుడు మామ నా వైపు చూశాడు. పెళ్ళిలో చూసినట్టే చూశాడు. నేను కొంగు కొరికి పట్టుకున్నాను. నా బతుకులో అంత కష్టపడి చేసిన పని ఇంకొకటి లేదు.

మామ అన్న వైపు తిరిగి, "మొదటి లాగుడు ఎప్పుడూ ఒలకబొయ్యల్లన్నా. మెస్సులో గూడా అట్లే" అన్నాడు, ఏమీ జరగనట్టు. గ్లాసును ఒక పక్కకు వంచి పట్టి, పిడి మెల్లగా లాగాడు. ముదురు రంగు రసం గ్లాసు గోడ వెంబడి జారింది. నిండేకొద్దీ గ్లాసును నిలువుగా తెచ్చాడు. పైన నురగ పొంగింది. వెదురు బద్ద తీసుకుని ఒక్క తోపుతో అంచు మీది నురగను చదును చేశాడు. రెండు వేళ్ళ మందం. ఒక్క బుడగ కూడా కదలలేదు. సంగటి కట్టె, బిందె, రేకుల కొట్టం అన్నీ మరిచిపోయి, ఏ దొరల మెస్సులోనో నిలబడ్డట్టు అనిపించింది నాకు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ గ్లాసు తలుచుకుంటే అదే ఆశ్చర్యం.

పెద్దమామ తాగాడు. మీసం తుడుచుకున్నాడు. "రాగి గంజేరా ఇది" అన్నాడు. మామ ముఖం వాడిపోయింది. పెద్దమామ ఖాళీ గ్లాసు వంక చూస్తూ, "కానీ ఆ బద్దతో తోసినావు చూడు, అది కండ్లతో చూడనోడు చేసే పని కాదు. పంక్తిలో నేనన్న మాట తప్పురా" అన్నాడు. తర్వాత లేచి, "యాడ, నన్నొకసారి లాగనీ" అన్నాడు. ఆ రోజు ఆయన ఎన్నిసార్లు లాగాడో లెక్కలేదు. బస్సెక్కేటప్పుడు ఒక ఊగు ఊగాడు కూడా. (బెల్లం పని చేసింది. మేము ఎవరికీ చెప్పలేదు.)

సాయంత్రం గ్లాసు కడగబోతే మామ నా చేతిలోంచి తీసుకున్నాడు. బావి గట్టు మీద కూర్చుని బూడిదతో తోమి, రెండు వేళ్ళు లోపల ఒక్క చుట్టు తిప్పి, వెలుతురుకు పట్టి చూసి, గుడ్డ మీద బోర్లించాడు. రెప్పపాటులో అయిపోయింది. నేను చూస్తున్నానని గమనించాడు.

"మా అన్న చెప్పింది నిజమేనమ్మా. తట్టలు, గ్లాసులు కడిగినా. నాలుగేండ్లు. పిడి తాకనిచ్చేవాళ్ళు కాదు, దూరం నుంచి చూసేవాణ్ణి. ఈ గ్లాసు గూడా కెప్టెను ఇయ్యలేదు. నా చేతిలోనే అంచు ఊడితే పారేసినారు, తెచ్చుకున్యా." బోర్లించిన గ్లాసును గుడ్డ కొసతో కప్పాడు. "పిడి పట్టుకోవడం ఈ పొద్దే మొదలు."

"ఎట్లుండాది మామా?" అని అడిగాను.

"శానా బరువుగా ఉంటాదనుకున్యా" అన్నాడు. "తేలిగ్గా ఉండాదమ్మా."

మర్నాడు మేకులు పీకి కట్టె అత్తకు ఇచ్చేశాడు. ఆ మధ్యాహ్నం మామ మూడు సంగటి ముద్దలు తిన్నాడు. సాయంత్రానికి అరుగు మీద కథ మళ్ళీ మొదలైంది, నేను తలుపు చాటున కూర్చుని మొదటి నుంచి చివరి దాకా విన్నాను. ఆ కట్టె ఇప్పుడు నా వంటింట్లో ఉంది, రెండు మేకు చిల్లులతో. అవేమిటని మొన్న మనవరాలు అడిగింది. "మీ ముత్తాత బెంగుళూరు దండులో నాలుగేళ్ళు బీరు పిడి లాగాడే" అని తడుముకోకుండా చెప్పాను. పంతొమ్మిదేళ్ళ పెళ్ళికూతురు ఒకసారి నవ్వినందుకు, ఈ ముసలిది ఇప్పటికీ అబద్ధమాడుతూనే ఉంది.