దానియేలు గారి బోరు నీళ్ళు

నేను మోస్తున్న బరువు చూడటానికి చాలా చిన్నది. ఒక్క చుక్క నీరు. ఏళ్ళు గడిచినా దించుకోలేకపోయాను. నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మా బావకు, అంటే అక్క భర్తకు, భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. వాళ్ళింట్లోనే ఉంటూ ఆ నీళ్ళలో ఉప్పెంతుందో కొలిచి చెప్పడం నా పని. బావకు ఒక్కటే పిచ్చి, ఎర్రటి పాత స్పోర్ట్స్ కారు. తుప్పుపట్టి పడి ఉన్నదానికి మెకానిక్ దానియేలు గారు ప్రాణం పోశారు. ఆదివారం చర్చి అవగానే ఆయన మా ఇంటికి వచ్చేవారు. ఇద్దరూ బానెట్ ఎత్తి పొద్దుపోయేదాకా కబుర్లే. అక్క ఆ కారును సవతి అనేది.

బావ ఊళ్ళో లేని రోజున అడక్కుండా ఆ కారు తీశాను. చెరువు గట్టు మీద నడిపితే నలుగురూ చూస్తారని ఆశ. చూశారు కూడా. ఒక గతుకులో కింద ఏదో తగిలి, రేడియేటర్ గొట్టం వదులై నీళ్ళన్నీ కారిపోయాయి. ఇంజన్ చల్లారాక గొట్టం బిగించి, చెరువు నీళ్ళే ముంచి పోశాను. అవి ఉప్పని తెలియదా? పొద్దున్నే కొలిచింది నేనే. ఇల్లు చేరాక మార్చేద్దామనుకున్నాను. ఈలోగా బావ వచ్చేశాడు. మారిస్తే ఎందుకని అడుగుతాడని ఊరుకున్నాను. తర్వాత వానలు పట్టుకున్నాయి, కారు షెడ్డులోంచి కదల్లేదు.

వానలు వెళ్ళాక బావ కారు తీస్తే, తణుకు చేరకముందే ఇంజన్ వేడెక్కి ఆవిర్లు కక్కింది. దానియేలు గారు ఫ్యాను చూశారు, బెల్టు చూశారు, థర్మోస్టాట్ విప్పి వేడినీళ్ళలో వేసి తెరుచుకుంటోందో లేదో చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి రేడియేటర్ విప్పితే దారులన్నీ తెల్లగా పూడుకుపోయి ఉన్నాయి. ఇంజన్ లోపలి లోహాన్ని కూడా ఉప్పు తినేసింది.

"ఇందులో ఎవరన్నా వేరే నీళ్ళు పోశారాండీ?" అని నన్నడిగారు.

"లేదండి. మీరు పోసినవేనండి."

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు. నేను తడుముకోలేదు. నాలో అంత దొంగ ఉన్నాడని నాకే తెలియదు.

"కూలెంట్లో మా షెడ్డు బోరు నీళ్ళే కలిపానండి," అన్నారు ఆయన. "కొంపదీసి అవి ఉప్పుబారాయేమో. మీరే ఒకసారి చూసి చెప్పండి."

చెరువులు పెరిగాక మా వైపు చాలా బోర్లు ఉప్పుబారాయి. ఆయన అనుమానంలో వింతేమీ లేదు. ముగ్గురం ఆయన ఇంటి పక్కనే ఉన్న షెడ్డుకు వెళ్ళాం. ఉప్పు కొలిచే గొట్టం మీద బోరు నీటిచుక్క వేసి, వెలుతురుకు ఎత్తి చూశాను. ఉప్పు ఆనవాలే లేదు.

"కొంచెం ఉప్పుందండి," అన్నాను.

ఎందుకన్నాను? బావ తిడతాడనా? తిడితే తిట్టేవాడు, సాయంత్రానికి మరిచిపోయేవాడు. ఎన్నిసార్లు వెతికినా ఇంతకంటే పెద్ద కారణం దొరకలేదు. "ఆమాత్రం చూసుకోవద్దా దానియేలూ," అని బావ మొహం తిప్పుకున్నాడు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు. తిన్నది నేను, తాగింది ఆయన.

ఆ కారు మళ్ళీ లేవలేదు. ఆదివారాలు ఆగిపోయాయి. దానియేలు గారు కార్ల పని మానేసి, ఇప్పుడు చెరువు నీళ్ళకు గాలి అందించే ఏరేటర్ల మోటార్లు బాగుచేస్తున్నారు. ఎవరైనా కారు తెస్తే, "నాకు చేతకాదండి," అంటారట.

మొన్న ఒక మోటారు పని మీద ఆయన దగ్గరికి వెళ్ళాను. ఎండన పడి వచ్చానని గ్లాసు చేతికిచ్చి, "తాగండి, క్యాన్ నీళ్ళేనండి. మా బోరు ఉప్పని ఆరోజు మీరే చూశారు కదా. అప్పట్నుంచీ ఇంట్లో తాగడానికీ వంటకీ కొన్న నీళ్ళేనండి," అన్నారు.

తాగాను. గ్లాసు తిరిగిచ్చి మోటారు సంగతి మాట్లాడాను.

ఈ నాలుగు ముక్కలూ రాసినందువల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. నాకు మాత్రం కాస్త ఊపిరాడుతోంది. ఆయన ముందు నోరు దాటని మాటను ఇక్కడైనా పూర్తిగా రాయనివ్వండి. దానియేలు గారి బోరులోవి మంచినీళ్ళు. ఆ రోజు కూడా మంచినీళ్ళే.