‘జర ఆగు’ అనే ఫంక్షన్

2023 వేసవి. నాచారంలోని ఒక మందుల కంపెనీలో ముడిసరుకు తూకాలు నమోదు చేసే ప్రోగ్రామ్‌ను పన్నెండేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. ఇలాంటివాటిని మా వాళ్లు లెగసీ సాఫ్ట్‌వేర్ అంటారు. పాతబడ్డా పారేయలేనిదన్నమాట. తోటివాళ్లంతా క్లౌడ్, ఏఐ అంటుంటే నాకు లోలోపల గుబులుగా ఉండేది. నలభై ఆరేళ్ల వయసులో ఏఎస్ రావు నగర్‌లో కోచింగ్‌కి వెళ్లి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాను. ఆ తూకాల ప్రోగ్రామ్‌నే కొత్తగా రాయమన్నప్పుడు ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

పాత కోడ్‌లో నాతోపాటు ఇంకో ఇద్దరు ముగ్గురి చెయ్యి పడింది. అందులో ‘జర ఆగు’ అనే ఫంక్షన్, అంటే ఒక పని కోసం విడిగా రాసిన చిన్న కోడ్ ముక్క, కనిపించింది. అది చేసేదల్లా బరువు నమోదయ్యే ముందు నాలుగు సెకన్లు ఊరికే ఆగడం. ఎవడో మహానుభావుడు అని నవ్వుకుని తీసేశాను. కొత్త ప్రోగ్రామ్ చకచకా నడిచింది. మేనేజర్ మెచ్చుకున్నారు.

రెండో వారం తనిఖీలో తూకాలు తేడా వచ్చాయి. ఏళ్లుగా కాంటా దగ్గర పనిచేస్తున్న యాదమ్మకు అజాగ్రత్త అంటూ మెమో ఇచ్చారు. ఇంకొకటి వస్తే ఉద్యోగం ఊడుతుంది. నేను వెళ్లేసరికి ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“నేనేం తప్పు జేసిన సార్? అంకె నిలవకముందే మీ కంప్యూటర్ రాసుకుంటున్నది.”

“ఎందుకు నిలవట్లేదు?”

“పక్క రూముల మిక్సర్ తిరిగితే బల్ల అదురుతది. మొదట్ల గూడ గిట్లనే అయితే, జర ఆగనియ్యి సార్ అని నేనే జెప్పిన. మీరే పెట్టిన్రు గద! యాది లేదా?”

నాకు తల కొట్టేసినట్లయింది. ఆ మహానుభావుణ్ణి నేనే. ఆమె మాటనే పేరుగా పెట్టి, ఎందుకు పెట్టానో ఒక్క ముక్క రాసుకోలేదు.

నేరుగా మేనేజర్ గదికి వెళ్లి, “తప్పు ఆవిడది కాదండీ, నాది” అన్నాను.

“కొత్త టెక్నాలజీ మీకింకా పట్టుబడలేదేమోనండీ” అన్నారాయన.

ఇన్నాళ్లూ నేను భయపడింది ఆ మాటకే. చివుక్కుమంది. అయినా మెమో వెనక్కి తీసుకునేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

పైథాన్ రాక జరిగిన తప్పు కాదది. పాత పనంటేనే సిగ్గుపడి, అదెందుకుందో ఎవరినీ అడక్కుండా తీసేయడం వల్ల జరిగింది. ఈసారి అంకె స్థిరపడేదాకా ప్రోగ్రామే చూసుకునేలా రాశాను. నాలుగు సెకన్లు గుడ్డిగా ఆగడం కన్నా ఇది మేలు. యాదమ్మను పక్కన నిలబెట్టుకుని పరీక్షించాను.

“ఈసారన్నా రాసిపెట్టుకోన్రి సార్” అందామె.

రాసిపెట్టాను. కోడ్‌లో ఆ వరుసల పైన కారణం ఉంది, దాని పక్కన యాదమ్మ పేరు ఉంది. నా తర్వాత దాన్ని తీసేయాలనుకునేవాళ్లు ముందు ఆమెను అడగాలి.