నవ్వు రాని దయ్యం సినిమా

సినిమాల విషయంలో నేను ఎవరి మాటా వినే రకం కాదు. తొంభైల్లో దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్‌లోని ఒక వీడియో క్యాసెట్ల షాపులో పనిచేసేటప్పుడు ఈ గుణమే నాకు అన్నం పెట్టింది. కౌంటరు దగ్గరికి ఎవరొచ్చి ఏది బాగుంటుందని అడిగినా మొహమాటం లేకుండా చెప్పేవాణ్ణి. బాగోలేని సినిమా అద్దెకివ్వాలంటే నాకు ఒళ్ళు మంట.

అక్టోబరు చివర్లో తెల్లవాళ్ళకి దయ్యాల పండగ వస్తుంది. విల్లాల కాంపౌండ్లలో ఉండే దొరసానులు షాపుకొచ్చి, పిల్లలు జడుసుకోకుండా నవ్వుకునే దయ్యం సినిమా కావాలనేవారు. ఒక ఏడాది మా యజమాని పాత నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా క్యాసెట్ ఒకటి నా చేతిలో పెట్టాడు. చాలా పేరున్న దయ్యం హాస్య చిత్రమట, పిల్లలకివ్వొచ్చో లేదో చూసి చెప్పమన్నాడు.

నాదొక పద్ధతి. ఏం సినిమానో చెప్పకుండా నలుగురి ముందు పెట్టాలి. హాస్యమని ముందే చెబితే జనం నవ్వడానికి సిద్ధపడి కూర్చుంటారు, ఆ నవ్వు లెక్కలోకి రాదు. అందుకే శుక్రవారం మధ్యాహ్నం ఉమ్ ఘువైలినాలోని మా గదిలో క్యాసెట్ పెట్టి, ఏమీ చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళాను. ఆ రోజు చేపల పులుసు వంతు నాది.

చూస్తున్నవాళ్ళు ఇద్దరు. ఒకరు అరబ్బు ఇంట్లో కారు నడుపుతూ, డ్యూటీ లేనప్పుడు మా గదికి వచ్చే కడప డ్రైవరు. ఇంకొకరు నాతో గదిలో ఉండే జగిత్యాల వైపు తాపీమేస్త్రి, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఆ వారంలోనే ఆయన లీవు మీద ఇంటికి పోవాలి. ఆయన ఖతార్ వచ్చేనాటికి భార్య కడుపుతో ఉంది. పుట్టిన కూతుర్ని ఫోటోల్లో తప్ప చూడలేదు. పిల్లకు అప్పటికి నాలుగేళ్ళు. "ఫోటోల ఉన్నోడు నేనేనని ఎట్ల నమ్ముతది తమ్మీ?" అని ఆ నెలంతా నన్నే అడిగేవాడు, నేనేదో పిల్లల్ని కని పెంచినట్టు.

పులుసు ఉడుకుతోంది, గదిలోంచి నవ్వు మాత్రం వినబడదు. ఇంత పేరున్న సినిమాకి ఒక్క నవ్వూ లేదా అని గరిటెతోనే వచ్చి చూశాను. తెర మీద ఒకాయన ఇంట్లో తిరుగుతున్నాడు. భార్యను పిలిస్తే ఆమె పలకదు. తన కుర్చీలో ఎవరో కూర్చున్నారు. పక్కనుంచి మనుషులు పోతున్నారు, ఆయన వంక చూడరు.

"పాపం, లీవు మీద అచ్చిండు," అన్నాడు మేస్త్రి నా వైపు తిరక్కుండానే. "ఎన్నేండ్లకచ్చిండో, పెండ్లాం మాట్లాడుతలేదు."

"నేను పోయినప్పుడూ ఇంతే," అన్నాడు డ్రైవరు. "మంచం గూడా నా తమ్ముని పాలైంటాది."

అప్పుడు వెలిగింది నాకు. షాపులో టేపు నలిగితే ఆ ముక్క కత్తిరించి అతికించేస్తాం. ఈ క్యాసెట్‌కు మొదట్లో అలాంటి అతుకే పడింది, తెర మీదాయన చచ్చిపోయిన సన్నివేశం అందులో పోయింది. ఇంగ్లీషు వీళ్ళకు రాదు. అది దయ్యమని చెప్పేవాడు నేను తప్ప లేడు.

చెబుదామని నోరు తెరిచాను. అంతలో తెర మీద చిన్నపిల్ల ఒకతె వచ్చింది. ఇంట్లో ఎవరికీ కనబడని ఆయన దగ్గరికి నేరుగా వెళ్ళి, చేతిలో ఉన్న బిస్కెట్ ఇచ్చింది. మేస్త్రి టీవీకి ఇంకా దగ్గరగా జరిగాడు.

"బిడ్డ గుర్తువట్టింది," అన్నాడు.

నేను పులుసు దగ్గరికి పోయాను. ఆయన ముఖం చూశాక చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

మర్నాడు షాపులో అదే సినిమాకు మొదలు తెగని ఇంకో క్యాసెట్ వెతికి చూశాను. కడుపుబ్బ నవ్వొచ్చింది. పిల్లలకు నిక్షేపంగా ఇవ్వొచ్చని యజమానికి చెప్పాను. అద్దెకు తీసుకున్న దొరసాని కూడా పిల్లలు పడీపడీ నవ్వారని చెప్పి వెళ్ళింది. షాపు వరకు నా తీర్పు సరైనదే.

మేస్త్రి రెండు నెలలకు తిరిగొచ్చాడు. పల్లెనుంచి తెచ్చిన సకినాలు నా ముందు పెట్టి కూర్చున్నాడు. ఎలా ఉన్నారు ఇంట్లో అని అడగకముందే నా కడుపులో ఉన్నది కక్కేశాను.

"అన్నా, ఆ సినిమాలో ఆయన లీవు మీద రాలేదు. చచ్చిపోయి దయ్యమై వచ్చాడు. అందుకే ఎవరికీ కనబడడు. టేపు తెగి మీకు తెలియలేదు."

ఆయన ఒక సకినం తుంచాడు.

"అట్లనా," అన్నాడు. "నేను బోయిన్నాడు ఇల్లు నిండ మందే ఉన్నరు తమ్మీ. మా ఊరోళ్లకు ఖతారైన దుబాయే, దుబాయి నుంచి అచ్చిండని ఊరంత అచ్చిన్రు. అందరు నా పెట్టె దిక్కే సూసిన్రు. బిడ్డ ఒక్కతే నా మొకం దిక్కు సూసింది."