సాక్షి సంతకం నాదే

మా కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టిన రోజు నా స్నేహితురాలిని వెనక్కి పంపేశారు. అప్పుడు మేం డిగ్రీ రెండో సంవత్సరం. బరువు చూసే మిషను ఎక్కితే నలభై ఒకటి చూపించింది. "నలభై అయిదన్నా ఉండాలమ్మా, బాగా తిని మళ్లీ రా" అని నర్సు నవ్వింది. నా దగ్గర మాత్రం తీసుకున్నారు. జ్యూసు ప్యాకెట్టు, బిస్కెట్లు చేతిలో పెట్టారు. బయటికొచ్చేసరికి తను మెట్ల మీద కూర్చుని ఉంది. బిస్కెట్లు చాపితే తీసుకోలేదు.

"అయ్యి ఇచ్చినోళ్లకే" అంది.

తనది వెల్దుర్తి దగ్గర పల్లె. వానపడితే పంట, లేకపోతే కూలి. నాన్న తన చిన్నప్పుడే పోయాడు. అమ్మ మిరపకోతలకీ పత్తితీతలకీ పోయి తనని చదివించింది. తను నరసరావుపేటలో ప్రభుత్వ హాస్టల్లో ఉండేది. మాది పేటలోనే కిరాణా కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. ఆదివారాలు తను మా ఇంటికి వచ్చేది. మా అమ్మ పెసరట్లు పోస్తే రెండు తిని చెయ్యి కడిగేసుకునే మనిషి, ఆ శిబిరం తర్వాత నాలుగు తినడం మొదలుపెట్టింది. వేరుశనగ ఉండలు సంచిలో వేసుకొచ్చి క్లాసులో కూడా నమిలేది. నెలకోసారి బస్టాండుకి పోయి బరువు మిషను ఎక్కేది.

ఎందుకే ఇంత పంతం అని ఒకసారి అడిగాను.

"పుట్టినకాడ్నించి తీసుకుంటానే ఉన్నా కదే. హాస్టల్లో అన్నం, స్కాలర్‌షిప్పు, బస్సు పాసు, ఇప్పుడు మీ అమ్మ పెసరట్లు. నేనూ ఏదోటి ఇయ్యాలనుంటది" అంది.

మా ఇంట్లో దానమంటే గుడి దగ్గర అన్నదానం. ఏడాదికోసారి నాన్న ఒక పూట పెట్టించేవాడు, మైకులో మా ఇంటిపేరు చదివేవాళ్లు. అది వినడానికి మేమంతా ముందు వరసలో కూర్చునేవాళ్లం. తను చెప్పే ఇవ్వడం అలాంటిది కాదని నాకు మెల్లగా అర్థమైంది.

ఆ వేసవి సెలవుల ముందు తను నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుంది, బతికినన్నాళ్లూ ఏమేం ఇవ్వాలో. బరువు పెరిగాక ఏడాదికి మూడుసార్లు రక్తం. ఉద్యోగం వచ్చాక ఏటా ఒక నెల జీతం, తను చదివిన బడిలో ఒక ఆడపిల్ల పైచదువుకి. ప్రతి వేసవిలోనూ ఊళ్లో పదో తరగతి పిల్లలకి లెక్కలు. నేనూ పక్కన కూర్చుని రాశాను. వృద్ధాశ్రమం కట్టిస్తానని రాశాను. తను చదివి, "ఎక్కడే స్థలం?" అంది. నేను నవ్వేశాను. తను నవ్వలేదు. "ముందు అయ్యేది రాయవే. ఏడాది తిరిగేసరికి కొట్టేసుకునేది ఎందుకు?" అంది.

కొన్నాళ్లకి నేత్రదానం గురించి చెప్పడానికి కాలేజీకి ఒకాయన వచ్చాడు. మనిషి పోయాక ఆరు గంటల్లోపు తీసుకోవాలి, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటేనే తీసుకుంటాం, సంతకం పెట్టిన సంగతి ఇంట్లో చెప్పి ఉంచండి అన్నాడు. ఫారాలు పంచాడు. తను ఫారం మొత్తం చదివి నా వైపు తిరిగింది. "దీనికి బరువు అక్కర్లేదంటనే" అంది. అంత సంతోషం ఆ మొహంలో నేను మళ్లీ చూడలేదు. సాక్షి దగ్గర ఇంట్లోవాళ్లు ఎవరన్నా సంతకం పెట్టాలి. "మా అమ్మకి ఇప్పుడెక్కడ చెప్తాం, హడలిపోద్ది. నువ్వు పెట్టు, తర్వాత చెప్దాంలే" అంది. పెట్టాను. నోటుబుక్కు చివరి పేజీలో నాలుగో లైను రాసుకుంది. చివర్లో ఇవ్వాల్సింది కళ్లు.

తర్వాత చెప్పడం జరగలేదు.

మూడో సంవత్సరం మిరపకోతల రోజుల్లో, అమ్మకి సాయం చేస్తానని తను శనివారం ఊరికి పోయింది. సోమవారం పొద్దున తను కూలోళ్లతో పోతున్న ఆటోని లారీ గుద్దింది. పదిన్నరకి హాస్టల్ పిల్ల ఏడుస్తూ ఫోను చేసింది. పది గంటలప్పుడు దారిలోనే ప్రాణం పోయిందంట, మాచర్ల ఆసుపత్రికి తీసుకెళ్లారంట.

నేను చెప్పులు వేసుకుని బస్సెక్కాను. పిడుగురాళ్ల దాటేదాకా నా బుర్రలో ఏమీ లేదు. గురజాలలో బస్సు ఆగినప్పుడు ఫారం గుర్తొచ్చింది. ఆ రోజు వచ్చినాయన నంబరు నా ఫోన్లో ఉంది. చేశాను. తను ఫలానా అని, సంతకం పెట్టిందని, సాక్షి నేనేనని చెప్పాను.

"ఇంట్లోవాళ్లని అడిగారామ్మా?"

"లేదండి. ఇప్పుడే పోతున్నా."

"అమ్మగారు ఒప్పుకుంటే చాలు. యాక్సిడెంటు కేసు కదా, పోలీసులతో నేను మాట్లాడతా. మావాళ్లు పేటలో ఉన్నారు, రెండు గంటలు పడుతుంది. రెండింటిలోపు చెప్పండి."

ఆసుపత్రికి చేరేసరికి ఒంటిగంట దాటింది. శవాల గది బయట వేపచెట్టు కింద వాళ్లమ్మ నేల మీద కూర్చుని ఉంది. చీరకి ఇంకా పొలం మట్టి. కానిస్టేబులు కాగితం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె అతని కాళ్లు పట్టుకుంటోంది. "పోస్టుమార్టం వద్దు నాయనా, నీకు దణ్ణం పెడతా. నా బిడ్డని కొయ్యొద్దు. చచ్చిన బిడ్డని ఇంకా ఏం కోస్తారయ్యా?" అతను ఏదో సర్ది చెప్తున్నాడు. ఆమె నన్ను చూసింది. లేవబోయి లేవలేక నా చెయ్యి పట్టుకుని కిందకి లాగింది. "వచ్చావా తల్లీ. నువ్వన్నా చెప్పవే వీళ్లకి, కొయ్యొద్దని చెప్పవే" అంది.

ఆమె పక్కన కూర్చున్నాను. కొయ్యొద్దని ఏడుస్తున్న తల్లిని కళ్లు ఇమ్మని ఎట్లా అడగను? కొంచెం నెమ్మదించాక అడుగుదాం అనుకున్నాను. ఆమె నెమ్మదించలేదు. రెండింటికి ఆయన ఫోను చేశాడు. "ఇంకా అడగలేదండి" అన్నాను. రెండున్నరకి మళ్లీ చేశాడు. ఫోను చేతిలో మోగుతోంది. "ఎవరే?" అని ఆమె అడిగింది. "ఎవరో లే పిన్నమ్మా, మంచినీళ్లు తాగు" అన్నాను. సీసా మూత తీసి ఇచ్చాను. ఆ మధ్యాహ్నం నేను చేయగలిగింది అంతే.

ఆమె ఎంత వేడుకున్నా మూడింటికి పోస్టుమార్టం మొదలైంది. నాలుగింటికి నేనే ఆయనకి ఫోను చేసి, అడగలేకపోయానండి అని చెప్పాను. "పర్లేదమ్మా, ఏడవబాక. అందరివల్లా కాదు" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

పెద్దకర్మ నాడు వాళ్ల ఊరు పోయాను. భోజనాలయ్యాక ఆమె నన్ను లోపలికి పిలిచి, కూతురి పుస్తకాల సంచి తెచ్చింది. "నాకు అచ్చరాలు రావు. ఏం రాసుకుందో చదివి చెప్పు. పిల్ల మాట విన్నట్టుంటది" అంది. ఇంగ్లీషు నోట్సు చదివాను, అర్థంకాకపోయినా తలూపుతూ విన్నది. చివరి పేజీ వచ్చింది. రక్తం, జీతం, లెక్కలు చదివాను. లెక్కల దగ్గర ఆమె కొంచెం నవ్వింది. "పోయిన ఎండాకాలం ఎనిమిదిమంది పిల్లల్ని ఈ అరుగు మీదే కూర్చోబెట్టింది" అని చూపించింది. నేను పుస్తకం మూయబోయాను.

"ఇంకోటుంది కదే. నాలుగు గీతలుంటే మూడే చదివావు."

చదివాను. ఫారం సంగతి కూడా చెప్పాను. ఆమె పుస్తకం నా చేతిలోంచి తీసుకుని ఆ నాలుగో గీత మీద వేలు పెట్టింది.

"ఆ రోజు ఆసుపత్రి కాడ నీకిది తెలుసా?"

"తెలుసు పిన్నమ్మా."

"మరి నాతో అనలేదేందే?"

"నువ్వు కొయ్యొద్దని ఏడుస్తుంటే..."

"కోశారు కదమ్మా. నేను వద్దన్నా కోశారు. కళ్లు కూడా కాలిపోయినయ్యి." చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇచ్చేదాన్నో లేదో నాకూ తెలవదు. నిన్ను తిట్టేదాన్నేమో. కొట్టేదాన్నేమో. అయినా నువ్వు అడగాల్సింది. నా బిడ్డ అడిగిందని చెప్పాల్సింది."

నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. పొద్దు వాలాక, "బస్సు టైమైంది, లే" అంది.

పేటకి వచ్చి నేను రాసుకున్న కాగితం చించేశాను. వృద్ధాశ్రమం కట్టేంత గొప్ప మనసు నాకు లేదని తెలిసిపోయింది. ఒక్క మాట అడగడానికే చాతకాలేదు. అందుకని అదొక్కటే పెట్టుకున్నాను, బతికినన్నాళ్లూ అడగాలని. ఆ నేత్రదానం ఆయనకి ఫోను చేసి, చుట్టుపక్కల ఎక్కడన్నా అడగాల్సి వస్తే నేను పోతానని చెప్పాను. ఇప్పుడు ఒక ప్రైవేటు ఆఫీసులో పని చేస్తున్నాను. కబురొస్తే సెలవు పెట్టి పోతాను.

ఎక్కువమంది వద్దంటారు. దాచేపల్లిలో కొడుకు పోయిన ఒకాయన నా మాట పూర్తికాకుండానే, "సిగ్గులేదా నీకు, పో ఇక్కణ్ణించి" అన్నాడు. దణ్ణం పెట్టి వచ్చేశాను. ఆయన తప్పేం లేదు.

మొన్న పేటలోనే ఒక ముసలాయన భార్య పోయింది. ఆయన టైలరు, ఆమె పక్కనే కూర్చుని కాజాలు కుట్టేదంట. నేను అడిగితే ఆయన ఆమె మొహం వైపే చూస్తూ, "చివరిదాకా సూదిలో దారం నాకు ఆమే ఎక్కించేది" అన్నాడు. "ఆమెకి నొప్పి పుడుతుందా?" అని అడిగాడు. పుట్టదు తాతా అన్నాను. "అయితే తీసుకోండి. నిదానంగా తియ్యమను" అన్నాడు. వాళ్లొచ్చి అరగంటలో పని ముగించుకుని పోయారు. ఆయన ఆమె దగ్గరికి పోయి రెప్పల మీద చెయ్యి పెట్టి, అట్లాగే ఉంచాడు.

వీధిలోకొచ్చి వెల్దుర్తి పిన్నమ్మకి ఫోను చేద్దామనుకున్నాను. నంబరు తీశాను. ఎవరో ఒకావిడ కళ్లు ఇప్పించానని ఆమెకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఈ పని చేస్తున్నానని ఆమెకి ఇంతవరకూ చెప్పలేదు. ఆ రోజు కూడా ఫోను చెయ్యలేదు.