సేటు ఉత్తరం అడుగు

నాకు పాత ఉత్తరాల పిచ్చి. ప్రేమలేఖలైతే కొంత పరువుండేది. నావి బొంబాయి దగ్గరి భివండి బట్టల సేట్లు సిరిసిల్లలో మగ్గాలు నడిపించే ఆసాములకు రాసినవి. కోరుట్ల పాత సామాన్ల దుకాణం నుంచి ఓ సంచీ నిండా మోసుకొస్తే, జగిత్యాలలో మా ఆవిడ చీపురుతో ఎదురొచ్చింది.

"ఈ వయసుల మంది కొండగట్టుకు పోతరు. నువ్వు చిత్తుకాగితాలకు పోతున్నవ్," అంది.

సేట్ల భక్తి చూసి తీరాలి. పైన దేవుడి పేరు, కింద క్షేమసమాచారం, ఆ వెంటనే తిట్లు. ఒక సేటైతే చీర వెడల్పు రెండు వేళ్ళు తగ్గిందని పేజీన్నర ఏడ్చాడు. ఆ ఉత్తరమంటే నాకు ప్రాణం.

అన్నిటికీ అడుగున వంకర అక్షరాలు రెండు మూడు వరుసలుండేవి. సిరిసిల్లలో మగ్గాలు ఆగి భివండికి వలసపోయిన వాళ్ళలో రాయడం రానివాళ్ళు సేటు మాటలు తెలుగులో రాసిపెట్టే గుమాస్తాను బతిమాలి, తమ ఇంటికో ముక్క ఆ ఉత్తరం అడుగున రాయించుకునేవాళ్ళు. ఉత్తరం అందుకున్న ఆసామి ఆ ఇంటివాళ్ళను పిలిచి చదివి వినిపించేవాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ, ఉత్తరాలు అతికించే ఆల్బమ్ అందం చెడుతోందని స్కేలు పెట్టి అడుగులన్నీ కత్తిరించి పొయ్యిలో వేశాను.

సిరిసిల్ల బడిలో ఆల్బమ్ ప్రదర్శనకు పెట్టాను. తంగళ్ళపల్లి నుంచి బీడీలు చుట్టే ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"సారూ, నేను పుట్టకముందే మా నాయిన భివండి పోయిండు. మళ్ల రాలె. నేను పుట్టిన్నని తెలిసి ఒక్క ముక్క రాయించిండట. చీర వెడల్పు తగ్గిందని సేటు లొల్లి వెట్టిన కాయితం మీదనేనట. మా అమ్మ ఇన్నది. నాకు సదువు రాదు, మా బిడ్డ సదువుతది."

ఆ ఉత్తరం తీసిచ్చాను. పిల్ల దేవుడి పేరు నుంచి సేటు సంతకం దాకా గట్టిగా చదివి, "గంతేనే అమ్మా," అంది.

"అడుగున సూడు బిడ్డా."

"అడుగున ఏం లేదు."

"నేనే కత్తిరించానమ్మా," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె ఆ అంచు వెంట ఈ కొస నుంచి ఆ కొసకు వేలు పోనిచ్చింది.

"సక్కగనే కోసిన్రు సారూ," అంది.