మొకం మీద కత్తి పడని కేకు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది ఎండాకాలం. ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని మా కేకుల దుకాణానికి అప్పుడే ఫొటో ప్రింటర్ తెచ్చుకున్నాం. కాగితాల మీద అచ్చువేసే ఇంక్‌జెట్ లాంటిదే. కాకపోతే అందులో తినే రంగులు పోస్తాం, కాగితానికి బదులు పిండితో చేసిన పలుచటి ఐసింగ్ షీట్ పెడతాం. క్రీమ్ మీద పరిస్తే ఆ షీట్ తడికి అతుక్కుంటుంది. ఇక ఊడి రాదు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్నే గానీ, చేసిన కేకు ఏదీ మరిచిపోను.

మా వీధి సునీత వాళ్ల నాన్న రాజయ్య, అడవి వైపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. చివరి షిఫ్టు రోజు, నెత్తిన టోపీ లైటుతో దిగిన ఫొటోను కేకు మీద వేయమంది సునీత. వేసి, నేనే వాళ్లింటికి తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. చుట్టాలు, బాయి దోస్తులు మూగారు. సునీత తండ్రి చేతికి కత్తి ఇచ్చిందో లేదో, వాళ్లమ్మ కొమురమ్మ అడ్డం వచ్చింది.

“ఏందే ఇది? మీ నాయిన మొకం మీద కత్తి పెడతరా?”

“కేకమ్మా అది!”

“ఏదైతేంది? ఇన్నేండ్లు బాయిల దిగి ఒక్క గాటు లేకుండ ఇంటికొచ్చిండు. ఇయ్యాల మీరు కోస్తరా?”

“వదినె, నీ మొగుడు తియ్యగుంటడో లేదో సూడనీయవా?” అన్నాడో దోస్తు. అందరూ నవ్వారు. కొమురమ్మ నవ్వలేదు. రాజయ్య కత్తి కింద పెట్టేశాడు. “ఆమె వద్దంటే నేను కొయ్య.”

“అక్కా, పైన గీకేద్దామా?” అంది సునీత నా చెవిలో.

“గీకుతవా? ఇంకా నయం!” తల్లికి వినబడనే వినబడింది.

ఆ మొకాన్ని దెబ్బ తగలకుండా తీశాకే వాళ్లింట్లోంచి కదలాలనుకున్నాను. “పెద్దమ్మా, ఇనుము తగలనీయను. దారంతో లేపుతా.” కేకును ఫ్రీజర్‌లో పెట్టించి, దాని ముందే నిలబడ్డాను. క్రీమ్ బిగియాలి; మరీ ఎక్కువసేపు ఉంచితే బయటికొచ్చాక చెమట పట్టి రంగులు కారిపోతాయి. వేలితో నొక్కి చూసి తీశాను. కుట్టుదారం రెండు కొసలూ వేళ్లకు చుట్టుకుని, షీట్ కింద క్రీమ్‌లోంచి మెల్లగా లాగాను. కింద అట్ట జొనిపి ఎత్తేసరికి, మొకం మొకంలాగే లేచింది.

“పైకొచ్చిండ్రా రాజయ్య!” అని అరిచాడు ఇందాకటి దోస్తే, బాయిలోంచి లిఫ్టు వచ్చినట్టు.

కొమురమ్మ నుదురు చూసింది, చెవులు చూసింది, టోపీ లైటు కూడా చూసింది. “అవ్, మంచిగున్నడు. ఇగ కొయ్యుండ్రి.”

కేకు పంచాక, సునీత ఆ అట్టను ఫ్రిజ్ వైపు తీసుకుపోబోయింది.

“అండ్ల పెట్టకు బిడ్డా!” అన్నాడు రాజయ్య. “చీకటి, సల్లదనం… ఇప్పుడే కద పైకొచ్చిన!”

అప్పుడు నవ్వింది కొమురమ్మ. తనే అట్ట అందుకుని వెలుతురొచ్చే కిటికీలో పెట్టింది.

ప్రింటర్ మొకాన్ని ఎంత బాగా వేస్తే, ఇంట్లోవాళ్లకు అది అంత నిజం మనిషే. ఆ సంగతి కొమురమ్మ చెప్పేదాకా నాకు తట్టలేదు. ఇప్పుడు ఎవరి మొకమైనా సరే, గట్టి చక్కెర పలక మీద వేసి, కత్తి రాకముందే ఎత్తి పక్కన పెట్టుకునేలా చేసిస్తాను.